గాం మల్లుదొర: ఉరిశిక్ష నుంచి లోక్‌సభకు

మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం సోదరులు గంటందొర, మల్లుదొర. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మనవాళ్ల పోడు సాగుకు అడ్డుపడింది. రోడ్డు పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి ఎగ్గొట్టి వేధించాడు. కడుపు మండిన మన్యం 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ ముట్టడితో తిరగబడింది.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. ఉరిశిక్ష పడి, తర్వాత యావజ్జీవ ఖైదుగా మారింది. అండమాన్ జైలు చూశారు. 1924లో సీతారామరాజు, గంటందొర ఇద్దరూ నేలకొరిగారు.

స్వతంత్ర భారత తొలి సార్వత్రిక ఎన్నికల్లో మల్లుదొర ఏ పార్టీ అండా లేకుండా, స్వతంత్ర అభ్యర్థిగా విశాఖపట్నం నుంచి గెలిచి 1952లో లోక్‌సభలో అడుగుపెట్టారు. అప్పుడది ఇద్దరు సభ్యుల స్థానం. రెండో సభ్యుడు లంకా సుందరం. మన శృంగవరపుకోట ఆనాడు విశాఖ జిల్లాలోది. నేటికీ విశాఖపట్నం లోక్‌సభ పరిధిలోనే ఉంది.

ఆయన మంత్రి కాలేదు. అయినా ఆ గెలుపు చిన్నది కాదు. అడవిబిడ్డలను అడగకుండానే అడవి చట్టం చేసిన రోజులు పోయి, చట్టాలు చేసే సభలోనే ఓ అడవిబిడ్డ కూర్చున్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ కుర్చీ దాకా ఆయనను చేర్చింది ఓటు. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఓటర్ల జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోండి.