అటక మీది తాటాకు అందరి పుస్తకమైన కథ: సి.పి. బ్రౌన్

సి.పి. బ్రౌన్ పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది నిఘంటువు, ఆ తర్వాత వేమన. ఆయన చేసిన మూడో పని గురించి అంతగా చెప్పుకోం. నా లెక్కలో మిగతా రెండూ దాని మీద నిలబడ్డవే. ఎవరి అటక మీద వాళ్లకు పడి ఉన్న తాటాకు పుస్తకాలను అడిగి తెచ్చి, నకళ్లు రాయించి, ఎవరైనా వచ్చి చదువుకోగల చోటికి చేర్చడమే ఆ మూడో పని. ఆ చోటు ఆంధ్రలోనూ లేదు, తెలంగాణలోనూ లేదు. చెన్నైలో ఉంది. తెలుగు రాష్ట్రాలకు బయట తరతరాలుగా ఉంటున్న మనలాంటి వాళ్లు ఈ సంగతి తెలుసుకోవడం బాగుంటుంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు. ఆయన 1812లో చనిపోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో కంపెనీ కొలువుకు కావలసిన చదువు చదివి, 1817లో బ్రౌన్ మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి తెలుగు ఒక్క ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దుకున్నారు. 1820లో కడప కలెక్టరు హాన్‌బరీ కింద ఉద్యోగంలో చేరారు. కచేరీలో రైతులతో మాట్లాడడానికి మొదలుపెట్టిన భాష, చివరికి ఆయన బతుకంతా ఆక్రమించింది.

మచిలీపట్నం బదిలీ అయ్యాక వేమన తగిలాడు. అబే దుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి, ఈ కవి ఎవరా అని 1824లో వెతకడం మొదలుపెట్టారు. జనం నోట వేమన పద్యం ఆడుతున్నా, పండితులు ఆయన్ను కవుల వరసలో కూర్చోబెట్టేవారు కాదు. ప్రతులు తెప్పించి చూస్తే ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. పద్యాల సంఖ్య వేరు, వరస వేరు, పాఠం వేరు. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసి, 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. పదేళ్ల తర్వాత వేసిన ముద్రణలో ఆ సంఖ్య 1164కు పెరిగింది.

తాటాకు పుస్తకానికి ఆయుష్షు తక్కువ. చెదలు పడుతుంది, అంచులు విరుగుతాయి. అందుకని కొన్ని తరాలకోసారి దాన్ని కొత్త ఆకుల మీదకు ఎత్తి రాయాలి. రాసేవాడు ఎక్కడో ఒక పాదం వదిలేస్తాడు, తెలియని మాట వస్తే తెలిసిన మాట పెట్టేస్తాడు. తర్వాత రాసేవాడికి ఆ తప్పే మూలమవుతుంది. ఒక ఇంట్లో ఒక ప్రతి ఉంటే అందులో తప్పు ఎక్కడుందో చెప్పే దారి లేదు. నాలుగు ఊళ్ల ప్రతులు ఒక బల్ల మీదకు చేరితేనే తప్పు బయటపడుతుంది. బ్రౌన్ పట్టుకున్న కీలకం ఇదే. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవారు. కొన్నిటిని కొనేవారు, కొన్నిటికి నకలు తీయించేవారు. కాగితం మీద ఒక ప్రతి రాయించి, మిగతా ప్రతుల్లో తేడాలను దాని పక్కన ఎక్కించి, ఏ పాఠం సరైనదో పండితుల చేత తేల్పించేవారు. ఆ తర్వాత పుస్తకంగా కుట్టించేవారు.

ఇదంతా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. 1826లో కడపకు తిరిగి వచ్చాక తోటతో సహా ఒక బంగళా కొని, పండితులను, రాయసగాళ్లను అక్కడ కూర్చోబెట్టారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి వాళ్లు ఆ బృందంలో ముఖ్యులు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. జీతాలు కంపెనీవి కావు, దొరగారి సొంత జేబులోవి. జేబు చాలనప్పుడు అప్పు చేశారు. బ్రౌన్ తెలుగును బతికించాడని మనం సులువుగా అనేస్తాం గానీ, ఒక్కో ప్రతీ విప్పి చదివి పాఠం తేల్చింది ఈ పండితులే. వాళ్లలో చాలామంది పేర్లు మనకు మిగల్లేదు.

గుంటూరు సీమను నందన కరువు (1832–33) పీల్చి పిప్పి చేసినప్పుడు ఆయన అక్కడ ఉద్యోగంలో ఉన్నారు. పై అధికారులకు నచ్చకపోయినా కరువును కరువు అనే రాశారని చెబుతారు. 1834లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్లారు.

ఉద్యోగం పోయి లండన్‌లో ఉన్న ఆ కాలంలోనే ఆయన చేసిన గొప్ప పని ఒకటుంది. కంపెనీవారి గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. 1811లో జావాలో చనిపోయిన డాక్టర్ లైడెన్ సేకరించినవి అవి. లండన్‌లో వాటిని చదవగలిగేవాళ్లు లేరు. చదవగలిగేవాళ్లున్న చోట అవి లేవు. బ్రౌన్ వాటిని గుర్తించి, కంపెనీవారిని ఒప్పించి, ఓడ ఎక్కించి మద్రాసుకు పంపించారు. కొల్లపోయిన పుస్తకాలు తిరిగి రావాలని ఈ రోజుల్లో దేశాల మధ్య వాదనలు నడుస్తున్నాయి. ఇది దాదాపు 190 ఏళ్ల కిందట, ఆ మాట ఎవరూ ఎత్తకముందు జరిగింది.

మళ్లీ మద్రాసు వచ్చి కంపెనీలో పారశీక అనువాదకుడిగా చేరారు. తర్వాత పోస్టుమాస్టర్ జనరల్‌గా కూడా పనిచేశారు. 1840లో వ్యాకరణం వచ్చింది. జూలూరి అప్పయ్య టీకతో మనుచరిత్ర 1851లో అచ్చయింది. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి రాసుకొచ్చిన కైఫీయతులు శిథిలమవుతుంటే, వాటికీ నకళ్లు తీయించారు. ఆ పాత కాగితాలు పాడైపోయిన చోట ఇప్పుడు చరిత్రకారులు ఈ నకళ్లనే చూస్తున్నారు.

తాను కూడబెట్టిన పుస్తకాలను మాత్రం బ్రౌన్ తన దగ్గర ఉంచుకోలేదు. ఇంగ్లండుకు ఓడలో వేసుకుపోయి ఉంటే అడిగేవాడు లేడు. 1840ల్లో ఆ సంపదను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. మెకంజీ సేకరణ, లండన్ నుంచి వచ్చిన లైడెన్ సేకరణ, బ్రౌన్ సేకరణ చివరికి ఒక్క చోటికి చేరాయి. ఈ మూడింటి పునాది మీదే 1869లో మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఏర్పడింది.

నిఘంటువు మూలాలు కూడా ఈ కట్టల్లోనే ఉన్నాయి. 1852లో మద్రాసు వేపేరిలోని అచ్చుకూటంలో వెలువడిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే, చాలా మాటల పక్కన ఆ మాట వాడిన కావ్యం గుర్తు కనిపిస్తుంది. ప్రతులు చేతిలో లేకుండా అది సాధ్యం కాదు. 1854లో మిశ్రభాషా నిఘంటువు కూడా తెచ్చారు. కచేరీల్లో, బజారులో తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, పారశీకం, ఇంగ్లీషు మాటలకు ప్రత్యేకంగా వేసిన పుస్తకం అది. మన ఇళ్లలో కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కలిసిన తెలుగు విని నవ్వేవాళ్లకు ఆ పుస్తకం చూపించాలి. కలగలుపు మాటలను తప్పుల పట్టికగా కాక భాషగా చూసిన మనిషి ఆయన.

1855లో కొలువు వదిలి బ్రౌన్ లండన్ చేరారు. 1865 నుంచి లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. కడప బంగళా కాలక్రమంలో మొండిగోడలుగా మిగిలింది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో ఆ స్థలంలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం లేచింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది.

ఆయన నిఘంటువు 1903 ముద్రణను షికాగో విశ్వవిద్యాలయం వారు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. షోలాపూర్‌లో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా ఫోనులో మాట కొడితే అర్థం వస్తుంది. తాత రాసిన ఉత్తరంలో తెలియని మాట తగిలితే మొదట అక్కడ వెతకవచ్చు. భాండాగారం ఇప్పుడు చెన్నై కోటూరుపురంలో, అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. పిల్లలను మెరీనాకు తీసుకెళ్లే రోజున అక్కడికీ ఒక పూట కేటాయించవచ్చు.