నియమం కంటె సత్యం మిన్న: గిల్బర్ట్ లూయిస్ జీవితం

వ్యాకరణ సూత్రం ఎక్కడ వర్తిస్తుందో తెలిస్తే చాలదు, ఎక్కడ వర్తించదో కూడా తెలియాలి. ఇది తెలుగు విద్యార్థులకు సుపరిచితమైన మాట. రసాయనశాస్త్రంలో అష్టక నియమానికి మూలపురుషుడైన గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ జీవితం కూడా ఈ పాఠాన్నే బోధిస్తున్నది.

లూయిస్ 1875 అక్టోబరు 23వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జన్మించారు. 1899లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. 1902లో విద్యార్థులకు పాఠం చెప్పే సందర్భంలో, పరమాణువును ఎనిమిది మూలలు గల సమఘనంగా ఊహించి, ఆ మూలలందు ఎలక్ట్రానులను చిత్రించారు. అయితే ఆ భావనను ప్రకటించుటకు తొందరపడలేదు. 1912లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, 1916లో తమ సిద్ధాంతాన్ని వెలువరించారు. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకొనుట వలన బంధం ఏర్పడుతుందనీ, బాహ్య కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రానులుంటే సాధారణంగా స్థిరత్వం కలుగుతుందనీ దాని సారాంశం. 1919లో లాంగ్మ్యూర్ దీనికి అష్టకమనే పేరు పెట్టి విస్తృత ప్రచారం కల్పించారు.

ప్రచారంతోపాటు నియమం శాసనమయ్యే ప్రమాదం ఏర్పడింది. కాని ప్రకృతి ఆ శాసనానికి పూర్తిగా లోబడలేదు. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఉన్నవి 6 ఎలక్ట్రానులే. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌లో ఫాస్ఫరస్ చుట్టూ 10, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ చుట్టూ 12 లెక్కకు వస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్‌లో వేలన్సీ ఎలక్ట్రానులు మొత్తం 11. బేసి సంఖ్య గనుక ఒకటి జంట లేక మిగిలిపోతుంది.

లూయిస్ ఈ మినహాయింపులను దాచలేదు. 1923లో రచించిన గ్రంథంలో, ఎనిమిది అనే సంఖ్య కంటె ఎలక్ట్రాన్ జంటయే మౌలికమని స్పష్టం చేశారు. హైడ్రోజన్ అణువులో ఉన్నది ఒక్క జంటయే కదా! ఆ గ్రంథంలోనే, ఎలక్ట్రాన్ జంటను స్వీకరించే పదార్థం ఆమ్లమని నూతన నిర్వచనం చేశారు. అష్టకం నిండని బోరాన్ ట్రైఫ్లోరైడ్ అమ్మోనియా నుండి జంటను గ్రహించి లూయిస్ ఆమ్లంగా ప్రసిద్ధి కెక్కింది. నియమానికి లోపమనిపించినదే మరొక సిద్ధాంతానికి నిదర్శనమైనది!

పలుమార్లు ప్రతిపాదించబడినా ఆయనకు నోబెల్ బహుమతి లభించలేదు. అయినా పరిశోధన మానలేదు. 1946 మార్చి 23న బర్కిలీలోని తమ ప్రయోగశాలలోనే కన్నుమూశారు.

విద్యార్థులారా! నియమాన్ని కంఠస్థం చేయువాడు పరీక్షలో ఉత్తీర్ణుడు కావచ్చును. దాని హద్దులను తాను కనిపెట్టిన నియమంలోనైనా అంగీకరించగలవాడే శాస్త్రజ్ఞుడు. లూయిస్ మహాశయుడు మనకు మిగిల్చిన ఆస్తి ఇదే.