ఓటమి తరువాత ముప్పై మూడు రోజులు - ఆరతీ సాహా

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతపు పల్లెల్లో తరతరాలుగా పిల్లలకు ఈత నేర్పినవి బావులు, చెరువులే. నడుముకు బెండ్లు కట్టి పెద్దలు నీటిలోకి దింపేవారు. భయం పోయిన నాడు బెండ్లు విప్పేవారు. స్వతంత్ర భారతదేశపు తొలితరం ఈతగత్తెలలో అగ్రగణ్యురాలైన ఆరతీ సాహా కూడా ఇటువంటి నీటిలోనే, ఒక స్నానఘట్టంలోనే, ఈత నేర్చారు.

ఆమె 1940 సెప్టెంబరు 24న కలకత్తాలో ఒక మధ్యతరగతి బెంగాలీ కుటుంబంలో జన్మించారు. మూడేళ్లు నిండకముందే తల్లిని కోల్పోయి అవ్వ పెంపకంలో పెరిగారు. ఇంటివారితో కలిసి హుగ్లీ నదిలోని చంపాతల ఘట్టానికి స్నానానికి వెళ్లే ఆ పసిపిల్లకు నీటిపై గల మక్కువను గమనించి, తండ్రి పాంచుగోపాల్ సాహా ఆమెను హట్‌ఖోలా ఈత సంఘంలో చేర్చారు. 1946లో, ఐదేళ్ల ప్రాయంలోనే, 110 గజాల ఫ్రీస్టైల్ పోటీలో ఆమె ప్రథమ స్థానం పొందారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచిన సచిన్ నాగ్ ఆమె ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దారు.

1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు భారతదేశం పంపిన నలుగురు మహిళలలో ఆరతి ఒకరు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు నిండలేదు. 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో తొలి దశ దాటలేకపోయినా, ప్రపంచస్థాయి పోటీ ఎట్టిదో ఆమె కన్నులారా చూశారు.

1958లో తూర్పు బెంగాల్‌కు చెందిన బ్రజేన్ దాస్, ఆపై మిహిర్ సేన్ ఇంగ్లీషు ఛానల్‌ను ఈదారు. 1966లో తలైమన్నార్ నుండి ధనుష్కోటికి పాక్ జలసంధిని ఈది తమిళనాట కూడా పేరొందినది ఈ మిహిర్ సేనే. ఛానల్ పోటీకి ఆరతి పేరును సూచించినది బ్రజేన్ దాస్. ప్రయాణ వ్యయం ఆ కుటుంబానికి తలకు మించిన భారం. హట్‌ఖోలా సంఘానికి చెందిన డాక్టర్ అరుణ్ గుప్తా పూనుకొని నిధులు సమీకరించగా, ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ అండగా నిలిచారు.

ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య ఛానల్ వెడల్పు అతి ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్లే. అయితే ఆటుపోట్లకు ప్రవాహం ఆరేడు గంటలకొకసారి దిశ మార్చుకొంటుంది. కాబట్టి బయలుదేరే సమయమే అక్కడ జయాపజయాలను నిర్ణయిస్తుంది. 1959 ఆగస్టు 27న ఆరతికి దారి చూపవలసిన పడవ 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. గంటల తరబడి ఈది ఇంగ్లండు తీరానికి ఐదు మైళ్ల దూరానికి చేరిన తరువాత ఎదురు ప్రవాహం ఆమెను అడ్డగించింది. మరికొన్ని గంటలు పోరాడినా రెండు మైళ్లకు మించి సాగలేకపోయారు. చివరకు పడవవాని ఒత్తిడికి తలొగ్గి ప్రయత్నం విరమించారు.

అంతటితో స్వదేశానికి తిరిగివచ్చినా ఆమెను తప్పుపట్టేవారుండరు. కానీ పందొమ్మిదేళ్ల ఆ యువతి అక్కడే ఉండిపోయి, సాధన కొనసాగించారు. సరిగ్గా ముప్పై మూడు రోజుల తరువాత, సెప్టెంబరు 29న, ఫ్రాన్సులోని గ్రీ నే అగ్రం వద్ద మళ్లీ సముద్రంలోకి దిగారు. ప్రవాహాల వెంట వంపులు తిరుగుతూ 42 మైళ్లు, 16 గంటల 20 నిమిషాలు ఈది, ఇంగ్లండులోని శాండ్‌గేట్ తీరాన అడుగుపెట్టి భారత పతాకాన్ని ఎగురవేశారు. ఇంగ్లీషు ఛానల్‌ను ఈదిన తొలి ఆసియా మహిళ ఆమెయే.

1960లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరినదీ ఆ యేడే. తన యాత్రకు తోడ్పడిన అరుణ్ గుప్తానే ఆమె వివాహమాడారు. రైల్వేలో ఉద్యోగం చేస్తూ నిరాడంబరంగా జీవించారు. 1994 ఆగస్టు 23న, 53 ఏళ్ల వయస్సులో, అస్వస్థతతో కలకత్తాలో కన్నుమూశారు. 1999లో తపాలా శాఖ ఆమె స్మారక బిళ్లను విడుదల చేసింది.

ఆరతి జీవితంలో విజయదినం ఒక్కటే లోకానికి గుర్తుంది. తీరం కనుచూపు మేరకు వచ్చాక వెనుదిరగవలసి వచ్చిన ఆ దినమూ, ఆపై గడిచిన ముప్పై మూడు రోజులూ కూడా బావిగట్టున నిలిచి జంకే పిల్లలకు చెప్పదగినవే.