శిష్యులచే నాటకమాడించిన పంతులుగారు

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగవయేటనే తండ్రి గతింపగా పెదతండ్రిగారి పోషణమున పెరిగిరి. చిన్ననాటినుండియు దగ్గు, ఉబ్బసము వారిని బాధించుచుండెను. అయినను విద్యయం దాసక్తి తగ్గలేదు.

పెద్దవారై ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. ధవళేశ్వరమున నుండగా 1874లో వివేకవర్ధని యను పత్రికను, బాలికలకొక పాఠశాలను స్థాపించిరి. పిమ్మట రాజమహేంద్రవరమున తెలుగు పండితులైరి.

ఆ దినములలో మన పల్లెలయందు వీథినాటకములును, తోలుబొమ్మలాటలును గలవు. కాని తెరలుగట్టి రంగస్థలముపై తెలుగు నాటకమాడు ఆచార మింకను ఏర్పడలేదు. 1880లో ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి, పాకలు వేసి, హిందీ నాటకములాడిరి. వారు వెడలిపోయిన పిమ్మట పంతులుగారు ఆ పాకలయందే తమ విద్యార్థులచే చమత్కార రత్నావళి నాడించిరి. ఇది ఆంగ్ల మహాకవి షేక్స్పియరు రచించిన కామెడీ ఆఫ్ ఎర్రర్స్ అను హాస్యనాటకమునకు తెలుగు రూపము. ఒకే పోలికగల కవల యజమానులు, ఒకే పోలికగల కవల సేవకులు ఒక్క ఊరిలో తటస్థపడుటవలన గలుగు తికమకయే ఇందలి కథ.

ఇట్టి కథను పుస్తకమున చదువుట వేరు. అందొక పాత్రయై నిలుచుట వేరు. ఎవడు ఎవనిని చూచి భ్రమపడెనో, ఏ మాటకు ఏమి ప్రత్యుత్తర మీయవలెనో పాత్రధారి స్వయముగా గ్రహించిననేగాని ఆట సాగదు. కంఠస్థము చేసినంతమాత్రమున చాలదు. పరదేశపు కవి హృదయమును బాలురు తమ నోటి తెలుగుతోనే తెలిసికొనిరి. పంతులుగారు కాళిదాసుని శాకుంతలమును, శ్రీహర్షుని రత్నావళిని గూడ తెనిగించిరి.

రంగస్థలముపై ధైర్యము చూపుట సులభము. లోకమున చూపుట కష్టము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని పంతులుగారు తమ యింట మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఊరు ఆగ్రహించెను. నీళ్లు తెచ్చువారును, వంటవారును రాకపోగా, వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీళ్లు మోసి వండిపెట్టిరి. అప్పుడు పంతులుగారికి అండగా నిలిచినవారిలో విద్యార్థులు ముఖ్యులు.

పంతులుగారు 1919వ సంవత్సరము మే 27వ తేదీని చెన్నపట్టణమున పరమపదించిరి.

బాలబాలికలారా! మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున యంత్రశాలల కూత వినుచు పెరుగు మీకు ప్రాచీన నాటకములు దూరపు వస్తువులుగా తోచవచ్చును. పాఠము ముగిసిన పిమ్మట ఒక సన్నివేశము నెన్నుకొని పాత్రలు పంచుకొనుడు. బల్లలే రంగస్థలము, దుప్పటియే తెర. తల్లిదండ్రులారా! ఆ సాయంకాలము పని చాలించి వచ్చి ముందు వరుసను కూర్చుండుడు. రాజమహేంద్రవరపు పాకలకును ఇంతకంటె గొప్ప వైభవము లేదు.