రాజా దీనదయాళు

నేడు ఛాయాచిత్రము తీయుట చిన్నపిల్లలకు సైతము ఆటవంటి పని. సెల్‌ఫోనును చేతబట్టి వ్రేలితో తాకినంతనే బొమ్మ సిద్ధమగును. ఈ కళయందు అభిరుచి గలవారు నలుగురు కూడినచోట, ఏ కెమెరా మేలైనది, ఏ కటకము స్ఫుటముగా చూపును అను చర్చయే మొదట వచ్చును. ఈ చర్చ నేడు పుట్టినది కాదు. నూటయేబది ఏండ్ల క్రిందట, బండెడు సామగ్రి లేనిదే ఒక్క బొమ్మయు తీయ వీలులేని దినములలో కూడ ఇది కలదు. పనిముట్టు ఎంతవరకు తోడ్పడునో, మనుష్యుని విద్యయు ఓర్పును ఎచ్చట అక్కరకు వచ్చునో తన పనితనముచేత చూపిన మహనీయుడు, హైదరాబాదు నిజాము ఆస్థానమున వెలుగొందిన రాజా దీనదయాళు.

దీనదయాళు 1844వ సంవత్సరమున, ఉత్తరదేశమునందలి మీరటు నగరమునకు సమీపముననున్న సర్ధనా పట్టణమున, ఒక జైన కుటుంబమున జన్మించెను. యుక్తవయస్సున రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి, కట్టడముల పటములు గీయుట, కొలతలు కట్టుట, ఖర్చుల అంచనాలు వేయుట మొదలగు విద్యలను శ్రద్ధతో నేర్చెను. 1866లో ఇందూరు నగరమున ప్రభుత్వ మరామత్తు శాఖలో ఉద్యోగము లభించెను. నిలువుగీత నిలువుగాను, అడ్డగీత అడ్డముగాను ఉండవలెనను నియమము ఆయన కంటికిని చేతికిని అచ్చటనే అలవడెను. ఆ నియమమే తరువాతి కాలమున ఆయన బొమ్మలకు ప్రాణమైనది.

1874 ప్రాంతమున ఆయన తీరికవేళలయందు ఛాయాచిత్రణమును అభ్యసింప మొదలిడెను. ఇందూరు ప్రభువగు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన నేర్పును గుర్తించి ఆదరించెను. మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగానుండిన సర్ హెన్రీ డేలీ కూడ ప్రోత్సహించెను. 1875–76లో ఇంగ్లండు యువరాజు మన దేశమునకు వచ్చినప్పుడు ఆ పర్యటనకు సంబంధించిన చిత్రములు తీయు అవకాశము దీనదయాళునకు కలిగెను. కొద్దికాలములోనే ఉద్యోగిగా కంటె ఛాయాగ్రాహకుడుగానే ఆయన పేరు వ్యాపించెను.

ఆనాడు ఒక్క బొమ్మ తీయుటకు ఎంత శ్రమ కావలసియుండెనో తెలిసికొన్ననే గాని ఆయన గొప్పతనము మనకు బోధపడదు. అప్పటి కెమెరా ఒక పెద్ద కొయ్యపెట్టె. ఎండకును వానకును చెడకుండుటకై టేకుకర్రతో చేసి ఇత్తడిబద్దలు బిగించినవి మన దేశమునకు తగినవిగా ఎంచబడెడివి. పెట్టె ముందుభాగమున కటకము, వెనుకభాగమున గరుకుటద్దము, నడుమ కమ్మరి కొలిమితిత్తివలె ముడుచుకొను తోలుతిత్తి ఉండును. దానిని ముక్కాలిపీటపై నిలిపి, తలపై నల్లనిగుడ్డ కప్పుకొని చూచినచో, ఎదుటనున్న దృశ్యము ఆ అద్దముపై తలక్రిందులుగా కానవచ్చును. బొమ్మను పెద్దది చేయు సాధనములు అంతగా వాడుకలో లేనందున ఎంత బొమ్మ కావలెనో అంత పలకయే వాడవలెను. 10 అంగుళముల వెడల్పును 12 అంగుళముల పొడవును గల గాజుపలకలు వృత్తిపరులకు సామాన్యము.

ఆ దినములలో ఫిలుము లేదు. 1851లో ఇంగ్లండునందు ఆర్చరు అను శిల్పి ప్రకటించిన తడిపలక పద్ధతియే అంతట వాడుకలో నుండెను. చీకటిగదిలో గాజుపలకపై కొలోడియను అను జిగటద్రవమును సమముగా పోసి, వెండి లవణముగల నీటిలో ముంచవలెను. ఆ తడి ఆరకమునుపే పలకను కెమెరాలోనుంచి బొమ్మ తీసి, మరల చీకటిలోనికి కొనిపోయి మందునీటితో కడుగవలెను. ఇదియంతయు కొలది నిమిషములలో ముగియవలెను. మన దేశపు ఎండలలో ఆ తడి మరింత త్వరగా ఆరిపోవును. ఊరు దాటి పోవలసినచో చీకటిగదికి బదులు డేరా, మందుల సీసాలు, మంచినీరు, గాజుపలకల పెట్టెలు అన్నియు వెంట తరలవలసినదే. త్రోవలో ఒక పెట్టె జారిపడినచో ఎన్నో దినముల కష్టము పెంకులపాలగును.

ఇక కటకముల సంగతి. 1840లో వియన్నా నగరమున పెట్జ్వాల్ అను గణితశాస్త్రజ్ఞుడు లెక్కలుకట్టి ఒక కటకమును రూపొందించెను. అది వెలుతురును ఎక్కువగా గ్రహించును గనుక, మనుష్యుల రూపములు తీయుటకు మిక్కిలి అనుకూలమై, చాలసేపు కదలక కూర్చుండవలసిన బాధను తగ్గించెను. కాని దాని బొమ్మ అంచులయందు మసకబారును. సాధారణ కటకముతో కట్టడమును తీసినచో అంచుననున్న స్తంభము విల్లువలె వంగినట్లు వచ్చును. 1866లో లండనునందు డాల్మేయరును, జర్మనీలో స్టైన్‌హైలును, ఒకరితో నొకరికి సంబంధము లేకుండ, సమానమైన రెండు కటకభాగములను ఎదురెదురుగా అమర్చి ఆ దోషమును పోగొట్టిరి. నాటినుండి గుడులను, కోటలను తీయువారు అట్టి కటకమునే కోరుచుండిరి.

కటకము మంచిదైనంతమాత్రమున బొమ్మ చక్కగా రాదు. వంశధార ఒడ్డుననున్న శ్రీముఖలింగేశ్వరుని ఆలయమును మీలో పలువురు చూచియుందురు. దాని యెదుట నిలిచి ఫోనును పైకెత్తి శిఖరమును తీసి చూడుడు. గోడలు పైకి పోనుపోను దగ్గరగుచు, శిఖరము వెనుకకు వాలినట్లు బొమ్మ వచ్చును. కొయ్యకెమెరాలలో ఈ దోషమునకు విరుగుడు కలదు. పెట్టెను వంపక సమముగా నిలిపి, కటకము బిగించిన పలకను మాత్రము పైకి జరుపవలెను. అప్పుడు గోడలు నిట్టనిలువుగా నిలుచును. ఎంత జరుపవలెనో, ఎచ్చట నిలువవలెనో, ఏ వేళ నీడ శిల్పముపై తగినట్లు పడునో నిర్ణయించుకొనవలసినవాడు మనుష్యుడే.

దీనదయాళు చదివిన ఇంజనీరింగు విద్య ఇచ్చటనే ఫలించెను. 1882లో మధ్యభారత ప్రతినిధియగు సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కూడ ఆయన బుందేలఖండమున పర్యటించి, ప్రాచీన కట్టడములను ఛాయాచిత్రములుగా తీసెను. గ్వాలియరు కోట, ఖజురహో ఆలయములు, సాంచీ తోరణములు మొదలగువాని ఆనాటి స్థితి ఆయన చిత్రములవలన మనకు తెలియుచున్నది. మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడములను గూర్చి గ్రిఫిన్ 1886లో ప్రకటించిన గ్రంథమునకు దీనదయాళు చిత్రములే అలంకారములు.

1885లో ఆయనకు వైస్రాయి డఫరిన్ ప్రభువు ఛాయాగ్రాహకుడను గౌరవము లభించెను. అప్పటికి నలుబదియేండ్లు దాటినవి. ఒకప్రక్క నెలనెలకు జీతమును, ముసలితనమున పింఛనును ఇచ్చు ప్రభుత్వోద్యోగము. వేరొకప్రక్క సామగ్రికి వేలకొలది రూపాయలు మింగుచు, రాజుల ఆదరముపై ఆధారపడియుండు వృత్తి. భార్యాబిడ్డలు గల గృహస్థునకు ఈ నిర్ణయము సులభమైనది కాదు. అయినను ఆయన ఉద్యోగమును వదలి, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, ఛాయాచిత్రణమునే జీవనముగా స్వీకరించెను.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ఆదరించి, రాజా బహద్దరు, ముసవ్విర్ జంగ్ అను బిరుదములను ప్రసాదించెను. ఆయన నేర్పును కొనియాడుచు నిజాము స్వయముగా ఉర్దూ ద్విపదయే చెప్పెనట. 1892లో పరదా పాటించు స్త్రీలకై హైదరాబాదులో దీనదయాళు ప్రత్యేకముగా ఒక స్టూడియోను తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. పరపురుషుని యెదుటికి రాని కుటుంబస్త్రీలు కూడ తమ రూపము తమ బిడ్డలకు నిలుపుకొనుటకు దానివలన వీలు కలిగెను. 1896లో బొంబాయిలోను స్టూడియో వెలసెను. 1897లో విక్టోరియా రాణి ఆయనను తన ఛాయాగ్రాహకులలో ఒకనిగా నియమించెను.

ఈలోపల పనిముట్లు వేగముగా మారినవి. తడిపలక పోయి, ముందుగానే సిద్ధముచేసి అమ్మెడి పొడిపలక వచ్చెను. 1888లో అమెరికాయందు ఈస్ట్‌మన్ కొడాక్ అను చేతికెమెరాను విడుదల చేసెను. నూరు బొమ్మలు తీసి, కెమెరాను కర్మాగారమునకు పంపినచో వారే కడిగి అచ్చువేసి యిచ్చెడివారు. దీనితో ఛాయాచిత్రణము వేడుకగా తీసికొనువారి చేతికి అందినది. వారికి సౌకర్యము ముఖ్యము. దీనదయాళువంటివారికి గోరంత చెక్కడము సైతము కనబడు పెద్ద పలక ముఖ్యము. పనినిబట్టియే పనిముట్టు.

ఆయన కెమెరా దర్బారుల వైభవమునే చూడలేదు. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు ఓరుగల్లు ప్రాంతమున వేటాడిన పులితో నిలిచిన చిత్రము ఆయన స్టూడియోదే. 1899–1900 నాటి ఘోర క్షామమున నిజాము రాజ్యములో జరిగిన సహాయకార్యములను చూపు చిత్రములును ఆయన స్టూడియోవే. వైభవమును ఎంత నిక్కముగా పట్టెనో, ఆకలిని అంత నిక్కముగా పట్టినది ఆ కటకము.

తండ్రికి కుడిభుజముగానుండిన కుమారుడు ధర్మచంద్ 1904లో మరణించెను. ఆ దుఃఖముతో క్రుంగిన దీనదయాళు మరుసటి సంవత్సరము, 1905 జూలై 5వ తేదీన తనువు చాలించెను. మరియొక కుమారుడగు జ్ఞానచంద్ కొంతకాలము వృత్తిని సాగించెను. రాజుల ఆదరము తరిగినకొలది స్టూడియోల వైభవము తరిగినది. కాని గాజుపలకలలో అనేకములు నశింపక మిగిలినవి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,800కు పైగా పలకలను సేకరించి భద్రపరచెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకముగా తపాలాబిళ్ళను వెలువరించెను.

దీనదయాళు వాడినవంటి కెమెరాలు, కటకములు ఆనాడు ధనమున్న ఎవరికైనను దొరకెడివి. వానిని కొన్నవారిలో ఎందరి పేర్లో నేడు ఎవరికిని తెలియవు. ఒక పలక చెడినచో మరియొకదానిని ఓర్పుతో సిద్ధము చేసికొనుట, వెలుతురు సరిగా లేనిచో వేచియుండుట, నేర్చిన విద్యను చేయు పనికి జోడించుట ఆయనకు పేరు తెచ్చిన గుణములు. అవి ఏ అంగడిలోను దొరకునవి కావు. మీ యిండ్లలో తాతముత్తాతల పాతపటములు గోడలపై ఉండవచ్చును. వానిని తేమ తగులనీయక కాపాడుడు. ఒకనాడు ఎవరో నల్లనిగుడ్డ క్రింద తలవంచి, ఊపిరి బిగబట్టి, ఆ ముఖములను మీకొరకు నిలిపియుండిరి.