కందుకూరి వీరేశలింగము పంతులుగారు: ఒక యింటిపేరి చరిత్ర

మన తెలుగువారి యింటిపేర్లలో పెక్కింటికి ఊళ్ల పేర్లే మూలము. పూర్వులు ఒక యూరు విడిచి వేరొకచోట కాపురము పెట్టినపుడు, విడిచి వచ్చిన యూరి పేరే వారి యింటికి గుర్తుగా నిలిచినది. తంగుటూరివారు, బమ్మెరవారు అట్లేర్పడినవారే. కందుకూరు అను పేరు షష్ఠి యందు కందుకూరి యగును. కందుకూరునకు చెందినవారని దాని యర్థము.

ఆ కందుకూరు పేరును యింటిపేరుగా ధరించిన వీరేశలింగము పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తల్లి పున్నమ్మగారు, తండ్రి సుబ్బారాయుడుగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతింపగా, పెదతండ్రి వెంకటరత్నముగారు వారిని పెంచిరి. 1874లో పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పి, ఆ యేడే వివేకవర్ధని పత్రికను ప్రారంభించిరి.

ఆడపిల్లకు పెండ్లితో పుట్టింటిపేరు పోయి మెట్టినింటిపేరు వచ్చును. ఊహ తెలియని నాడే భర్తను పోగొట్టుకొన్న బాలికకు ఆ పేరొక్కటే మిగిలి, ఆ యింట ఆదరము లేకుండెడిది. ఇట్టివారికి మరల నొక యిల్లు కల్పింపవలెనని పంతులుగారు పూనుకొని, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసిరి. బంధువులు వెలివేసిరి, వంటవారు, నీళ్లు తెచ్చువారు పని మానిరి. అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీళ్లు మోసి తెచ్చి, వండి వడ్డించిరి.

పంతులుగారు రాజశేఖర చరిత్రము రచించిరి. ఆంధ్రకవుల చరిత్రమును కూర్చి, కవుల వంశములను, కాలములను, గ్రామములను పరిశోధించిరి. అట్టి పరిశోధనకు యింటిపేరు మంచి యానవాలు. పోతన గారి యింటిపేరు విన్నంతనే బమ్మెర గ్రామము మనకు స్మరణకు వచ్చుచున్నది గదా.

ఆ దంపతులకు సంతానము లేదు. తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసిరి. 1919 మే 27న చెన్నపట్టణమున పంతులుగారు పరమపదించిరి. యింటిపేరు నిలుపుటకు కొడుకులు లేకున్నను, కందుకూరివారనగానే తెలుగునాట మొదట స్మరింపబడువారు వారే.

ఈ రజతోత్సవ సమయమున పాఠకులకు మా విన్నప మొక్కటి. మీ యింటిపేరు ఏ యూరి నుండి, ఏ వృత్తి నుండి వచ్చినదో పెద్దల నడిగి వ్రాసి యుంచుడు. చెప్పగల పెద్దలు పోయిన పిదప ఆ సంగతి మరల దొరకదు.