ఆచార్య నాగార్జునుడు – పాదరసం కథ

నాగార్జునసాగర్ పేరు వినని వాళ్ళు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. ఆ పేరుగల మనిషి సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయన క్రీ.శ. 2వ శతాబ్దం నాటి బౌద్ధ పండితుడు, శాతవాహన రాజుకు మిత్రుడు. ఆ రాజుకు మంచిచెడ్డలు చెబుతూ రాసిన 'సుహృల్లేఖ' టిబెట్, చైనా భాషల్లో నిలిచింది. ఏదీ తనంతట తాను లేదు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయనే శూన్యవాదం ఆయనదే.

కానీ జనం ఆయన్ని బంగారం చేసే సిద్ధుడిగా చెప్పుకున్నారు. 7వ శతాబ్దంలో మన దేశం తిరిగిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఒక కథ రాసిపెట్టాడు. రాజు కొండను తొలిపించి విహారం కట్టిస్తుంటే సగంలోనే ఖజానా ఖాళీ అయిందట. నాగార్జునుడు ఏదో మందు చల్లితే రాళ్ళు బంగారమయ్యాయట! ఆయుష్షు పెంచే మందు కూడా ఆయన దగ్గర ఉండేది. ఆయన బతికున్నంత కాలం రాజుకూ చావు లేదు. మరి కొడుక్కి గద్దె ఎప్పుడు రావాలి? తల్లి చెప్పిన ఉపాయంతో ఆ కొడుకు పోయి ఆయన తలనే దానం అడిగాడు. అడిగితే లేదనడం ఆయనకు రాదు. ఎండిన గడ్డిపోచతో మెడ కోసుకుని ఇచ్చేశాడు. ఆ దుఃఖంతో రాజూ పోయాడు.

ఇది కథే. రసవిద్య గ్రంథం 'రసేంద్రమంగళం' ఎన్నో శతాబ్దాల తర్వాత నాగార్జునుడనే పేరుతోనే వచ్చింది. పేరు ఒకటే కాబట్టి ఇద్దరూ ఒక్కరైపోయారు.

రససిద్ధులకు పాదరసం మీద అంత నమ్మకం ఊరికే రాలేదు. ఎర్రని ఇంగిలీకాన్ని కాలిస్తే పాదరసం ఆవిరై పోతుంది, చల్లబడితే బొట్లుబొట్లుగా దిగుతుంది. గంధకంతో నూరితే నల్లని కజ్జలి, దాన్ని కాలిస్తే మళ్ళీ ఎర్రని రససిందూరం. చచ్చి బతికినట్టే కదా! బంగారాన్ని సైతం కరిగించుకుంటుంది. ముందు లోహాన్ని మార్చాలి, తర్వాత మనిషిని చావులేనివాణ్ణి చేయాలి అనుకున్నారు. దానికి 18 సంస్కారాలు పెట్టారు. పాదరసం పరమాణువులో 80 ప్రోటాన్లు, బంగారంలో 79. ఒక్కటే తేడా, కానీ అది కొలిమి నిప్పుకు తెగేది కాదు.

ఇక మందు సంగతి. జపాన్‌లో మినమాత ఊరి దగ్గర ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరింది. కాళ్ళుచేతులు వంకరపోయి ఎంతోమంది చనిపోయారు. ఆ జబ్బు 1956లో బయటపడింది. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అంగళ్ళల్లో ఎవరైనా సర్వరోగాలకూ ఒకటే భస్మం అంటే, అందులో ఏం కలిపారో ముందు అడగండి. పాత థర్మామీటరు పగిలితే ఆ మెరిసే గోళీలతో ఆడుకోవద్దు, దాని ఆవిరి కూడా విషమే.

నాగార్జునకొండ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. అక్కడ తవ్వకాల్లో దొరికిన శిల్పాలను నీళ్ళ మధ్య మిగిలిన కొండ మీది మ్యూజియంలో పెట్టారు. లాంచీలో పోవాలి. వార్డెన్ సార్ ఈసారి విహారయాత్ర అక్కడికి పెడితే బాగుంటుంది.